చదువుకునే తల్లికి సెలవొక్కటే చాలదు

(ఉన్నత విద్యలో స్త్రీల హక్కులపై మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉన్నత విద్యలో స్త్రీల హక్కుల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. అది చాలా పెద్ద విషయం. ప్రవేశాలు, హాస్టళ్లు, లైంగిక వేధింపులు, ఫెలోషిప్పులు - వీటి మీద మన సమావేశాల్లో చర్చ జరుగుతూనే ఉంది. నేనివ్వాళ అందులోంచి ఒక్క ప్రశ్న మాత్రమే తీసుకుంటాను. యూనివర్సిటీలో చదువుకుంటున్న తల్లి క్లాసుకో, లాబుకో, లైబ్రరీకో వెళ్లినప్పుడు ఆమె బిడ్డను ఎవరు చూడాలి? చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ ఎంతోమంది చదువులు ఆగిపోతున్నది సరిగ్గా అక్కడే.

నాతో మాట్లాడిన ఒకామె సంగతి చెప్తాను. రసాయనశాస్త్రంలో పిహెచ్.డి. చేస్తోంది. రిజిస్ట్రేషన్ అయిన ఏడాదికి పెళ్లయింది, ఆ మరుసటేడు పాప పుట్టింది. పాపకు అయిదో నెల రాగానే లాబుకి తిరిగొచ్చింది. హాస్టల్లో పిల్లల్ని ఉంచుకోకూడదు కాబట్టి పాప ఊళ్లో అమ్మమ్మ దగ్గర. "ఒకసారి రియాక్షన్ పెడితే ఆరుగంటలు కదలడానికి లేదు మేడమ్. మూడో గంటకే జాకెట్టు తడిసిపోయేది. బాత్‌రూంలోకెళ్లి పాలు పిండి పారబోసి వచ్చేదాన్ని" అంది. ఆ మాట చెప్తున్నప్పుడు ఆమె ఏడవలేదు, నవ్వింది. ఆమె గైడు చెడ్డవాడేమీ కాదు. "ఇంటికెళ్లి పిల్లని చూసుకోమ్మా, థీసిస్ ఎక్కడికీ పోదు" అన్నాడట. థీసిస్ ఎక్కడికీ పోదు గానీ ఫెలోషిప్పు పోతుంది, గడువు పోతుంది, ఆమె మొదలుపెట్టిన సమస్య మీద ఇంకెక్కడో ఇంకెవరో పేపరు ప్రచురిస్తారు.

ఇలాంటి వాళ్లు ఎంతమంది? లెక్క లేదు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో ఉన్న 4.33 కోట్ల మందిలో స్త్రీలు 2.07 కోట్లు. పిహెచ్.డి. చేస్తున్న స్త్రీలు 2014-15లో దాదాపు 48 వేలుంటే 2021-22కి దాదాపు 99 వేలయ్యారు. ఈ సర్వేలో కులం వారీగా లెక్కలున్నాయి, మతం వారీగా ఉన్నాయి, వైకల్యం గురించి కూడా ఉంది. పిల్లలున్నారా అనే గడి మాత్రం లేదు. సామాజికశాస్త్రంలో మేం విద్యార్థులకు మొదట్లోనే చెప్పే మాట ఒకటుంది: ప్రభుత్వం దేన్ని లెక్కపెట్టదో దానికి డబ్బు కేటాయించదు.

లెక్క లేకపోయినా అంచనా వేసుకోవడానికి వేరే ఆధారాలున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. పద్దెనిమిదికీ ఇరవై రెండుకీ మధ్య పెళ్లయ్యేవాళ్లు వీళ్లకు అదనం. అంటే మన దగ్గర డిగ్రీ చదివే వయసే పెళ్లి వయసు, మొదటి కాన్పు వయసు. డిగ్రీ రెండో ఏట పెళ్లి, మూడో ఏట పురుడు - జిల్లా కేంద్రాల్లో పనిచేసే లెక్చరర్లెవరిని అడిగినా ఇలాంటి పేర్లు నాలుగైదు చెప్తారు. బి.ఇడి.లో చేరేవాళ్లలో, పెళ్లయ్యాక పి.జి.కి తిరిగొచ్చేవాళ్లలో వీళ్లు ఇంకా ఎక్కువగా కనిపిస్తారు. అయినా మన మనసులో విద్యార్థిని అంటే జడ వేసుకుని పుస్తకాలు పట్టుకున్న పెళ్లికాని అమ్మాయే. హాస్టలు నియమాలు, అటెండెన్సు నియమాలు, లైబ్రరీ వేళలు అన్నీ ఆ అమ్మాయిని దృష్టిలో పెట్టుకుని రాసినవే. నిజానికి ఆమెను కాదు, ఏ బాదరబందీ లేని అబ్బాయిని దృష్టిలో పెట్టుకుని రాసి, తర్వాత ఆమెను అందులో ఇరికించారు.

చట్టం ఏమంటోందో చూద్దాం. పనిచేసే తల్లి బిడ్డకు చోటు చూపించాలనే ఆలోచన మన చట్టాలకు కొత్త కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఆడకూలీల పిల్లలకు క్రెష్ ఉండాలన్న నిబంధన ఉండేది. మొదట 50 మంది స్త్రీలున్న ఫ్యాక్టరీకి వర్తించేది, 1976 సవరణతో 30 మందికి తగ్గించారు. 1961 ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో తెచ్చిన సవరణ సెలవును 26 వారాలకు పెంచి, 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ నడపాలనీ, తల్లిని రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరకు వెళ్లనివ్వాలనీ చెప్పింది. ఈ క్రెష్ నిబంధనను 2020 సాంఘిక భద్రతా స్మృతిలోకీ తీసుకున్నారు. అమలు ఎంత అధ్వాన్నంగా ఉందో ఫ్యాక్టరీ స్త్రీలతో పనిచేసేవాళ్లు ఇక్కడే ఉన్నారు, వాళ్లు నాకంటే బాగా చెప్పగలరు. నేను ఎత్తిచూపాలనుకున్నది వేరే. ఈ చట్టాలన్నీ మొదలయ్యేది ఉద్యోగి అనే మాటతో. విద్యార్థిని ఉద్యోగి కాదు. పరిశోధక విద్యార్థిని లాబులో పదిగంటలు పనిచేస్తుంది, జూనియర్లకు ప్రాక్టికల్స్ చెప్తుంది, ప్రొఫెసరు ప్రాజెక్టుకు డేటా తెస్తుంది. అయినా ఆమెది పని కాదు, చదువు. ఇంటిచాకిరీ పని కాదన్నట్టే ఇదీనూ.

ఒకే ప్రాంగణంలో ప్రొఫెసరమ్మకు ప్రసూతి సెలవుంది, చైల్డ్ కేర్ లీవుంది. కేంద్ర ప్రభుత్వ స్త్రీ ఉద్యోగులకు 2008 నుంచీ మొత్తం సర్వీసులో 730 రోజుల చైల్డ్ కేర్ లీవు ఇస్తున్నారు. ఆ ప్రొఫెసరమ్మ దగ్గరే పరిశోధన చేస్తున్న అమ్మాయి పరిస్థితి ఏమిటి? 2016లో యూజీసీ ఎం.ఫిల్., పిహెచ్.డి. నిబంధనల్లో మొదటిసారి ఒక వెసులుబాటు పెట్టింది. మొత్తం కోర్సు కాలంలో ఒకసారి, 240 రోజుల వరకు, ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు. పిహెచ్.డి. పూర్తిచేసే గడువు కూడా స్త్రీలకు రెండేళ్లు పెంచింది. 2022 నిబంధనల్లోనూ ఈ 240 రోజులు ఉన్నాయి. డిగ్రీ, పి.జి. విద్యార్థినుల విషయానికొస్తే, 2021 డిసెంబరులో యూజీసీ వైస్ ఛాన్సలర్లకు ఒక లేఖ రాసింది: ప్రసూతి సెలవుకు, హాజరు మినహాయింపుకు మీరే నియమాలు చేసుకోండి అని. చేసుకోండి అనడం వేరు, చేయాలనడం వేరు. కేరళ ప్రభుత్వం 2023 జనవరిలో తన విశ్వవిద్యాలయాలన్నిటిలో పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థినులకు 60 రోజుల ప్రసూతి సెలవు ప్రకటించింది.

నియమం లేనిచోట ఆడపిల్లలు కోర్టుకెక్కాల్సి వస్తోంది. 2018లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని గర్భం వల్ల హాజరు తగ్గిందని చెప్పుకున్నా ఢిల్లీ హైకోర్టులో ఊరట దొరకలేదు. 2021లో అలహాబాద్ హైకోర్టు ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని కేసులో, గర్భిణులకు, బాలింతలకు నియమాలు రూపొందించమని విశ్వవిద్యాలయాన్ని ఆదేశించింది. 2023లో ఎం.ఇడి. విద్యార్థిని ఒకరు 59 రోజుల ప్రసూతి సెలవును హాజరులో పరిగణించమంటే, నియమం లేదని మీరట్‌లోని విశ్వవిద్యాలయం తోసిపుచ్చింది. ఢిల్లీ హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. చదువు హక్కుకూ పునరుత్పత్తి హక్కుకూ మధ్య ఏదో ఒకటి ఎంచుకోమని ఒక స్త్రీని బలవంతపెట్టకూడదన్నది ఆ తీర్పు సారాంశం. మంచి తీర్పు. మనం దాచుకోవాల్సిన తీర్పు.

కానీ ఒక్క క్షణం ఆలోచించండి. 59 రోజుల సెలవు అయిపోయేసరికి బిడ్డకు రెండు నెలలు. మెడ కూడా నిలవదు. 240 రోజులంటే ఎనిమిది నెలలు. పాకడం మొదలుపెట్టి, కుదురుగా ఒకచోట ఉండని వయసు. దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. తల్లిని గుర్తుపట్టి వదలకుండా ఏడ్చేదీ అప్పుడే. సరిగ్గా ఆ వేళకు మన విశ్వవిద్యాలయం "నీ సెలవు అయిపోయింది, రా" అంటుంది. ఎక్కడికి రావాలి, ఎవరి చేతిలో పెట్టి రావాలి? మూడేళ్లు నిండి బడికి పోయేదాకా మిగిలిన ఇరవై ఎనిమిది నెలల సంగతి ఏ నిబంధనలోనూ లేదు. ఇద్దరు పిల్లలైతే ఆ 240 రోజులే ఇద్దరికీ పంచుకోవాలి.

సెలవు వద్దని నేననడం లేదు. ఒంటికి విశ్రాంతి కావాలి, పాలివ్వడానికి వ్యవధి కావాలి. కానీ సెలవు చేసే పని ఆమెను ఇంటికి పంపడం. విశ్వవిద్యాలయానికి దీంట్లో పైసా ఖర్చు లేదు. ఒక గది కట్టనక్కర్లేదు, ఒక ఆయాను నియమించనక్కర్లేదు, రిజిస్టరులో ఒక సంతకం చాలు. అందుకే సెలవు దొరికినంత తేలిగ్గా క్రెష్ దొరకదు. ఇంకో సంగతి. శిశు సంరక్షణ సెలవు నిబంధనలో ఉన్నది స్త్రీ పరిశోధకులు మాత్రమే. అదే డిపార్టుమెంటులో పిహెచ్.డి. చేస్తున్న తండ్రికి అందులో చోటు లేదు. బిడ్డను చూడటం తల్లి పని అన్న మాటను మన మేలు కోరి ఇచ్చిన నిబంధనలోనే మళ్లీ ఒకసారి రాసిపెట్టారన్నమాట.

సెలవులో డబ్బెవరిస్తారన్నది తర్వాతి ప్రశ్న. జె.ఆర్.ఎఫ్. ఉన్నవాళ్లకు ప్రసూతి సెలవులో ఫెలోషిప్పు వస్తుంది. 2015లో విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు బైఠాయించి నిలబెట్టుకున్న నాన్-నెట్ ఫెలోషిప్పు నెలకు 8 వేలు, అదీ కేంద్రీయ విశ్వవిద్యాలయాల వాళ్లకే. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేకుండా, ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పుకుంటూ పరిశోధన చేసే స్త్రీలు ఎందరో. ఈమెకు 240 రోజుల సెలవంటే 240 రోజుల ఖాళీ పర్సు. నగరంలో ప్రైవేటు డే కేర్ రుసుము కట్టే స్తోమత ఆమెకెక్కడిది?

మరి ఇప్పుడు ఈ పిల్లల్ని చూస్తున్నదెవరు? ఆకాశంలోంచి ఎవరూ ఊడిపడలేదు. అమ్మమ్మలు, నాయనమ్మలు. ఎక్కడైనా ఒక పెళ్లికాని చెల్లెలు. నేను మాట్లాడిన పరిశోధక తల్లులలో ఒకామె అమ్మ, కూతురి చదువు కోసం రెండేళ్లు కూలికి పోవడం మానుకుంది. వాళ్లు మాదిగ కుటుంబం, ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఈమె. కూతురి పిహెచ్.డి.కి ఎవరు ఖర్చుపెట్టారని అడిగితే అందరూ ప్రభుత్వమనే చెప్తారు. ఆ తల్లి పోగొట్టుకున్న రెండేళ్ల కూలి ఏ లెక్కలోకీ రాదు. ఇక పుట్టింట్లో అలాంటి తల్లి లేని అమ్మాయి, కులాంతర వివాహం చేసుకుని రెండువైపులా వెలి అయిన అమ్మాయి, భర్త వదిలేసిన అమ్మాయి - వీళ్లకు ఆ దారి కూడా లేదు. క్రెష్ అడగడం డబ్బున్న వాళ్ల కోరిక అనేవాళ్లకు నా సమాధానం ఇదే. డబ్బున్నవాళ్లు ఆయాను పెట్టుకుంటారు.

ఇంకో సమాధానం కూడా మనకు తరచుగా వినిపిస్తుంది: దూరవిద్యలో చదువుకోవచ్చు కదా అని. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. ఇప్పటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం అదే. దాని మేలు పొందిన స్త్రీలు లక్షల్లో ఉన్నారు, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ తల్లి అయిన ప్రతి స్త్రీనీ దూరవిద్య వైపు తోసెయ్యడం, ఇంట్లోనే కూర్చుని వంటా పిల్లలూ చూసుకుంటూ తీరిక దొరికితే చదువుకో అని చెప్పడమే. లాబు ఇంట్లో ఉండదు. సెమినారు హాల్లో ప్రశ్న అడిగే అలవాటు పోస్టులో రాదు.

ఇంతకీ ప్రభుత్వానికి ఈ ఆలోచన ఎన్నడూ రాలేదా అంటే, వచ్చింది. 1958లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ నాయకత్వంలోని కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, చదువు మధ్యలో ఆగిపోయిన వయోజన స్త్రీల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. పెళ్లయి, పిల్లల్ని కని, భర్త పోయి, మళ్లీ చదువుకోవాలనుకునే స్త్రీ ఒకామె ఉంటుందని ఊహించిన పథకమది. ఆ బోర్డును 2022లో మూసేశారు. పదకొండో ప్రణాళిక కాలంలో, అంటే 2007-12 మధ్య, యూజీసీకి డే కేర్ సెంటర్ల పథకం ఒకటుండేది. విశ్వవిద్యాలయాల్లో, కాలేజీల్లో మూడు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం. ఎవరి పిల్లలు అన్నచోట ఉద్యోగులతో పాటు విద్యార్థులు, పరిశోధకులు అని కూడా స్పష్టంగా రాశారు. నాకైతే ఆ కాగితం చదివినప్పుడు ఆశ్చర్యమేసింది. మనం కొత్తగా అడుగుతున్నామనుకున్నది పాత ఫైల్లోనే ఉంది! కానీ అది రుసుము కట్టి వాడుకునే సౌకర్యం, అడిగిన సంస్థకే నిధులు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. (సామెత కూడా పెట్టే పని అమ్మకే అప్పజెప్పింది, గమనించారా?) అడగవలసిన రిజిస్ట్రార్లకు ఆ అవసరం ఏముంది? పంచవర్ష ప్రణాళికల కాలమే 2017తో ముగిసింది.

అంగన్‌వాడీలు లేవా అంటారు. ఉన్నాయి. 1975లో మొదలైన ఆ పథకంలో మూడేళ్లలోపు పిల్లలకు అందేది ప్రధానంగా పోషకాహారం, టీకాలు. బిడ్డను ఉదయం దించి సాయంత్రం తెచ్చుకునే చోటు కాదది. క్రెష్‌ల జాతీయ పథకాన్ని 2022లో మిషన్ శక్తి కింద 'పాల్నా' అని పేరు మార్చి, కొన్ని అంగన్‌వాడీలను క్రెష్‌లుగా కూడా నడపాలన్నారు. విశ్వవిద్యాలయాల పక్కనుండే బస్తీల్లో అలాంటివి తెరిపించుకోగలమా అన్నది మనలో జిల్లాల్లో పనిచేసేవాళ్లు పరిశీలించదగ్గ విషయం.

బయటి దేశాల సంగతి రెండు మాటల్లో చెప్తాను. 1970లో ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌లోని రస్కిన్ కాలేజీలో స్త్రీ విముక్తి ఉద్యమపు మొదటి జాతీయ మహాసభ జరిగింది. అక్కడినుంచి వచ్చిన నాలుగు డిమాండ్లలో ఒకటి, ఇరవై నాలుగు గంటలూ నడిచే ఉచిత శిశు సంరక్షణ కేంద్రాలు. ఆ మహాసభ జరిగినన్నాళ్లూ పిల్లల్ని చూసుకున్నది మగవాళ్లు. స్టువర్ట్ హాల్ అంతటి మేధావి కూడా వాళ్లలో ఉన్నాడు. మన సభల్లో ఎప్పుడైనా ప్రయత్నించి చూడొచ్చు. అమెరికాలో 1998లో, పిల్లలున్న పేద విద్యార్థుల శిశు సంరక్షణ కోసం కాలేజీలకు కేంద్ర నిధులిచ్చే పథకం చట్టంలోకి వచ్చింది. అక్కడ డిగ్రీ స్థాయి విద్యార్థుల్లో దాదాపు అయిదుగురిలో ఒకరు పిల్లలున్నవాళ్లు. అక్కడ లెక్కపెట్టారు కాబట్టి ఆ సంగతి తెలిసింది. కానీ ఆ పథకమూ ఏటా బడ్జెట్ దయ మీద బతికేదే. 2018లో నిధులు మూడింతలకు పైగా పెంచి 5 కోట్ల డాలర్లు చేశారు, 2025లో ట్రంప్ ప్రభుత్వం మొత్తానికే ఎత్తేయమని ప్రతిపాదించింది. మన తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో వెళ్లే బ్రిటన్‌లో, 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ కోర్సులకొచ్చే విదేశీ విద్యార్థులు భర్తనో భార్యనో పిల్లల్నో వెంట తెచ్చుకునే వీల్లేదు. బిడ్డను ఇక్కడ వదిలి అక్కడ చదవాలి, లేదా మానుకోవాలి.

ఇక మనం అడగాల్సిందేమిటి? మొదట ప్రవేశ దరఖాస్తులో ఒక గడి, ఉన్నత విద్యా సర్వేలో ఒక గడి. ఇష్టమైతేనే నింపేది, ప్రవేశం ఇవ్వడానికీ మానడానికీ దానితో సంబంధం ఉండకూడదు. ఇది రాతపూర్వకంగా లేకపోతే ఆ గడే పిల్లలున్న ఆడవాళ్లను ఏరి పక్కన పెట్టడానికి పనికొస్తుంది. గైడ్లు ఇంటర్వ్యూల్లో "పెళ్లి ఎప్పుడు చేసుకుంటావు, పిల్లల్ని ఎప్పుడు కంటావు" అని అడగడం ఇంకా పోలేదని మీకు తెలుసు.

రెండోది క్రెష్. ఉద్యోగుల కోసం ఇప్పటికే ఉన్నచోట విద్యార్థులకూ తలుపులు తెరవాలి, తల్లికైనా తండ్రికైనా. రుసుము ఆదాయాన్ని బట్టి, ఫెలోషిప్పు లేనివాళ్లకు ఉచితంగా. వేళలు ఆఫీసు వేళలు కాకూడదు. లాబు ఆరింటిదాకా ఉంటే క్రెష్ నాలుగింటికి మూసేస్తే ఏం లాభం? పరీక్షల నెలల్లో రాత్రి ఎనిమిదిదాకా నడపాలి. పిల్లలతో ఉండగల గదులు హాస్టళ్లలో కొన్నయినా కావాలి. ఢిల్లీ జె.ఎన్.యూ.లో పెళ్లయిన పరిశోధకులకు మహానది అనే హాస్టలుంది కాబట్టి ఇది అసాధ్యమని ఏ వైస్ ఛాన్సలరూ అనలేరు. పాలు పిండుకోవడానికి, దాచుకోవడానికి ఒక శుభ్రమైన గది, ఒక ఫ్రిజ్. బాత్‌రూం కాదు. దీనికి ఏ యూజీసీ అనుమతీ అక్కర్లేదు, డిపార్టుమెంటు హెడ్ తలచుకుంటే రేపే జరుగుతుంది.

చివరగా క్రెష్‌లో పనిచేసే స్త్రీల సంగతి. ఈ విషయంలో మనలో మనకే తగాదా వస్తుందని నాకు తెలుసు, అయినా చెప్తాను. క్రెష్ చవగ్గా నడవాలంటే ఆయాకు తక్కువ జీతమిచ్చి ఏజెన్సీ ద్వారా తీసుకోవడమే తేలికైన దారి. విశ్వవిద్యాలయం ఆ దారే పడుతుంది, పారిశుధ్య కార్మికుల విషయంలో పట్టినట్టే. చదువుకునే స్త్రీ సమయాన్ని ఇంకో పేద స్త్రీ చాకిరీతో కొనడానికి మనం ఒప్పుకోకూడదు. ఆయాలను విశ్వవిద్యాలయమే నేరుగా నియమించాలి, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. ఉండాలి, శిక్షణ ఉండాలి, పిల్లల సంఖ్యను బట్టి మనుషుల సంఖ్య ఉండాలి. ఆ ఆయాకు చంటిబిడ్డ ఉంటే, ఆ బిడ్డకు కూడా అదే క్రెష్‌లో, అదే ఊయల వరసలో ఒక ఊయల ఉండాలని మన వినతిపత్రంలో మొదటి పేజీలోనే రాయాలని నా ప్రతిపాదన. దీని మీద మీ అభిప్రాయాలు వినాలని ఉంది.